లాభాలు పొంగుతుండగానే మొదలయ్యే పతనం

విశాఖపట్నంలో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగి ద్వారకానగర్ సందుల్లోకి నడిస్తే కంప్యూటర్ కోర్సుల బోర్డులు మేడ మేడకీ కనిపిస్తాయి. ఇప్పుడు వాటి మీద ఏఐ, డేటా సైన్స్, క్లౌడ్ అని ఉంటుంది. ముప్ఫై ఏళ్ల కిందట కంప్యూటర్ నేర్చుకోవడమంటే వర్డ్‌స్టార్, లోటస్ 1-2-3, డీబేస్. ఆ తర్వాత ఫాక్స్‌ప్రో, నోవెల్ నెట్‌వేర్, విజువల్ బేసిక్ వంతు వచ్చింది. ఫీజు కోసం ఇంట్లో బంగారం తాకట్టు పెట్టినవాళ్లున్నారు. కోర్సు పూర్తయ్యేసరికి ఆ సాఫ్ట్‌వేర్‌కే కాలం చెల్లి తెల్లబోయినవాళ్లూ ఉన్నారు.

అవి ఆషామాషీ పేర్లు కావు. 1983లో వచ్చిన లెక్కల పట్టికల సాఫ్ట్‌వేర్ లోటస్ 1-2-3 కోసమే అమెరికాలో ఎన్నో ఆఫీసులు ఐబీఎం పీసీలు కొన్నాయి. ఆఫీసులో నాలుగు కంప్యూటర్లను కలపాలంటే నెట్‌వేర్ తప్ప మరో మాట వినపడని రోజులుండేవి. ఇవాళ ఇంజినీరింగ్ పిల్లల్ని అడిగితే ఆ పేర్లు విన్నామనేవాళ్లే అరుదు.

ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అంటారు. రేవున్న ఊరికి ఈ సామెత ఇంకాస్త దగ్గర. కాకపోతే అందులో కాలమహిమ ఉంది గానీ కారణం లేదు. కంప్యూటర్ కంపెనీల విషయంలో కారణం చాలావరకు వాటి ఖాతా పుస్తకాల్లోనే దొరుకుతుంది. సోమరితనం వల్ల, పొగరు వల్ల పెద్ద కంపెనీలు పడిపోయాయని రాయడం తేలిక. నిజానికి అలా జారిపోయిన కంపెనీల్లో చాలావాటిలో జనం ఒళ్లు వంచి పనిచేస్తూనే ఉన్నారు. ఖాతాదారులు అడిగినవి అడిగినట్టు చేసిపెడుతున్నారు. ఏటికేడు లాభాలూ వస్తున్నాయి. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

పోలిక కావాలంటే భీమిలిని చూడొచ్చు. 17వ శతాబ్దంలోనే డచ్చివాళ్లు అక్కడ స్థావరం పెట్టుకున్నారు. ఓడ దూరంగా సముద్రంలో లంగరు వేస్తే, పడవల మీద సరుకు ఒడ్డుకు చేర్చే రేవు అది. ఆ పనిలో అక్కడివాళ్లకు లోపమేమీ లేదు. 1933లో విశాఖలో లోతైన రేవు తెరుచుకుని ఓడ నేరుగా జెట్టీ పక్కకే వచ్చి ఆగడం మొదలయ్యాక, కెరటాల మీద పడవ ఎంత ఒడుపుగా నడిపినా ఆ ఒడుపుకి గిరాకీ తగ్గిపోయింది.

కంప్యూటర్లలో ఈ కథ మొదట జరిగింది ఐబీఎంకి. 1964 ఏప్రిల్‌లో ఆ కంపెనీ సిస్టమ్ 360 అనే యంత్రాల వరసను ప్రకటించింది. చిన్న యంత్రం కోసం రాసిన ప్రోగ్రాం పెద్ద యంత్రం మీదా నడుస్తుంది. ఇప్పుడు మామూలు విషయంలా అనిపిస్తుంది గానీ, అప్పట్లో కొత్త కంప్యూటర్ కొంటే ప్రోగ్రాములన్నీ మళ్లీ రాసుకోవాల్సి వచ్చేది. ఆ తలనొప్పి తీర్చినందుకు బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వాలు ఐబీఎం చేతిలో పడ్డాయి. ఒకసారి అందులో చేరాక బయటపడటం ఖర్చుతో కూడిన పని, కాబట్టి ఎవరూ బయటపడలేదు. మన దేశంలో విదేశీ వాటా తగ్గించుకోవాలన్న చట్టానికి ఒప్పుకోక 1978లో ఐబీఎం వెళ్లిపోతే, అది వదిలి వెళ్లిన యంత్రాలను చూసుకునే పని ప్రభుత్వ సంస్థ సీఎంసీ భుజాన పడింది.

అంత కంపెనీ 1981 ఆగస్టులో పీసీ తెచ్చింది. కొత్త మార్పును ఐబీఎం చూడలేదని అనడానికి లేదు. చూసింది, దిగింది, గెలిచింది కూడా. అయితే తొందరలో తయారుచేయాల్సి వచ్చి ప్రాసెసర్ ఇంటెల్ దగ్గర, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ దగ్గర తీసుకుంది. అదే సాఫ్ట్‌వేర్‌ని వేరేవాళ్లకు అమ్ముకునే హక్కు మైక్రోసాఫ్ట్ దగ్గరే ఉండిపోయింది. గదులు నిండే, కోట్ల ఖరీదు చేసే మెయిన్‌ఫ్రేముల ముందు బల్ల మీద పెట్టుకునే ఆ డబ్బా ఎంతని? చిన్న దుకాణం తాళాలు ఎవరి దగ్గరున్నాయో పెద్ద షావుకారు పట్టించుకోడు. రెండు మూడేళ్లలోనే కాంపాక్ లాంటి కంపెనీలు అచ్చం అలాంటి పీసీలే చేసి అమ్మాయి. పీసీ ఎవరు అమ్మినా ఇంటెల్‌కీ మైక్రోసాఫ్ట్‌కీ వాటా వెళ్లేది, ఐబీఎంకి మాత్రం తను అమ్మిన పీసీ మీదే లాభం.

ఇక్కడ తేదీలు గమనించాలి. పీసీ వచ్చిన తొమ్మిదేళ్లకు, 1990లో, ఐబీఎం లాభం దాదాపు 600 కోట్ల డాలర్లు. 1993లో నష్టం 800 కోట్ల డాలర్ల పైచిలుకు. మధ్యలో మూడేళ్లే. బయటివాళ్లకు కంపెనీ ఉన్నట్టుండి కుప్పకూలినట్టు కనిపించింది, లోపల చెద పట్టి మాత్రం దశాబ్దం.

ఎందుకిలా జరుగుతుందో తెలియాలంటే ఒక ఊహా లెక్క వేసుకోవాలి. ఒక కంపెనీ ఒక్కో యంత్రం కోటి రూపాయలకు అమ్ముతోంది, అందులో 60 లక్షలు మిగులుతున్నాయి. కొత్త రకం యంత్రం లక్ష రూపాయలది, మిగిలేది పదివేలు. పాత యంత్రం అమ్మిన సేల్స్‌మ్యాన్‌కి కమీషన్ లక్షల్లో వస్తే కొత్తదానికి వందల్లో వస్తుంది. అతను ఏది అమ్ముతాడు? ఫ్యాక్టరీ, పరిశోధన విభాగం, సర్వీసు ఇంజినీర్లు, విమాన ప్రయాణాలు అన్నీ ఆ 60 లక్షల మీద ఆధారపడి పెరిగినవే. పదివేల లాభంతో ఆ సంసారం నడవదు. కొత్తగా షెడ్డులో కంపెనీ పెట్టినవాడికి పదివేలు పండగ. పెద్ద కంపెనీలో మేనేజర్లందరూ తెలివైనవాళ్లే అయినా, ప్రతివాడూ తన సీటులో కూర్చుని సరైన నిర్ణయమే తీసుకున్నా, మొత్తం కలిపితే మునక. ఇది మనుషుల తప్పు కన్నా కంపెనీ శరీరతత్వం అనాలి.

డెక్ (డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్) కథ అక్షరాలా ఇదే. 1957లో కెన్ ఓల్సన్ పెట్టిన ఆ కంపెనీ, మెయిన్‌ఫ్రేముల కన్నా చవకైన మినీ కంప్యూటర్లతో ఐబీఎం పక్కలో బల్లెమైంది. 1977లో వచ్చిన వ్యాక్స్ యంత్రాలు ప్రపంచమంతా పాకాయి. మన రైల్వే రిజర్వేషన్ 1980లలో కంప్యూటర్లలోకి ఎక్కింది కూడా సీఎంసీ రాసిన సాఫ్ట్‌వేర్‌తో, వ్యాక్స్ యంత్రాల మీదే. ఐబీఎంని చవక సరుకుతో కొట్టిన డెక్, తనకన్నా చవకైన పీసీ వచ్చేసరికి తడబడింది. పీసీలు తయారుచేసింది, అయినా వాటిలో మిగిలే చిల్లరతో లక్షమందికి పైగా ఉన్న సిబ్బందిని పోషించలేకపోయింది. 1998లో డెక్‌ని 960 కోట్ల డాలర్లకు కొన్నది ఎవరు? పీసీలు అమ్ముకునే కాంపాక్. నాలుగేళ్లకు కాంపాక్‌ని హెచ్‌పీ మింగింది.

నోకియా గురించి తెలుగు పాఠకులకు చెప్పాల్సింది తక్కువే, ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉండేది. 2003లో వచ్చిన 1100 మోడల్‌లో టార్చి ఉండేది, మీటల్లోకి దుమ్ము పోకుండా పైన రబ్బరు పొర ఉండేది. కరెంటు పోయే ఊళ్లకు, మట్టి రోడ్లకు సరిపడా చేసిన ఫోను. 25 కోట్లకు పైగా అమ్ముడైంది. 2007లో ఐఫోన్ వచ్చిన ఏడాదే నోకియా నిర్వహణ లాభం దాదాపు 800 కోట్ల యూరోలు, ఆ ఏడాది చివరికి ప్రపంచంలో అమ్ముడైన పది ఫోన్లలో దాదాపు నాలుగు దానివే. కొనేవాళ్లు బ్యాటరీ ఎక్కువసేపు రావాలన్నారు, కింద పడితే పగలకూడదన్నారు. నోకియా ఆ రెండూ ఇచ్చింది. ఐఫోన్ బ్యాటరీ సాయంత్రానికి అయిపోయేది, పడితే అద్దం పగిలేది. పాత కొలబద్దతో చూస్తే నోకియాదే గెలుపు. తేడా ఏమిటంటే పోటీ రేడియో, బ్యాటరీ, మీటల నుంచి సాఫ్ట్‌వేర్‌కి మారిపోయింది. తక్కువ మెమరీలో మీటల ఫోను నడపడానికి పుట్టిన నోకియా ఆపరేటింగ్ సిస్టమ్ సింబియన్ మీద, వేలితో తాకే తెరకు యాప్‌లు రాయడం డెవలపర్లకు నరకం. దాన్ని బాగుచేయడానికి నోకియా పెట్టిన ఖర్చు తక్కువేమీ కాదు. పాత ఇంటికి ఎన్ని మరమ్మతులు చేసినా పునాది మారదు కదా. చివరికి 2013 సెప్టెంబరులో ఫోన్ల వ్యాపారాన్ని 544 కోట్ల యూరోలకు మైక్రోసాఫ్ట్‌కి అమ్మే ఒప్పందం ప్రకటించింది. మరుసటి ఏడాది చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీ మూతపడింది.

బ్లాక్‌బెర్రీది ఇంకా చిత్రం. ఐఫోన్ వచ్చాక నాలుగేళ్లపాటు దాని అమ్మకాలు పెరుగుతూనే పోయి, 2011 ఫిబ్రవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో 2,000 కోట్ల డాలర్ల దగ్గరికి చేరాయి. ఆ నాలుగేళ్లూ బోర్డు సమావేశంలో ఎవరైనా లేచి మనం మునిగిపోతున్నామని అని ఉంటే, పిచ్చివాడి కింద జమకట్టేవారు.

అన్నిటికన్నా ఎక్కువ నేర్పే కథ ఇంటెల్‌ది. కారణం, ఒకసారి తప్పించుకున్న కంపెనీ అది. 1980ల మధ్యకు జపాన్ కంపెనీలు మెమరీ చిప్పుల ధరలు నేలకు దించేశాయి. ఇంటెల్ పుట్టిందే మెమరీ చిప్పులతో. కంపెనీ అధ్యక్షుడు ఆండీ గ్రోవ్ తన సహచరుడు గోర్డన్ మూర్‌ని ఒక ప్రశ్న అడిగారు: మనల్ని తీసేసి బోర్డు కొత్త మనిషిని తెస్తే, అతను ఏం చేస్తాడు? మెమరీ వదిలేస్తాడు అన్నారు మూర్. అయితే మనమే బయటికెళ్లి, మళ్లీ లోపలికొచ్చి ఆ పని ఎందుకు చేయకూడదు అన్నారు గ్రోవ్. చేశారు. ప్రాసెసర్ల మీద నిలబడి మూడు దశాబ్దాలు ఏలారు. మేనేజ్‌మెంట్ పాఠాల్లో దీన్ని ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. అయితే ఒక సంగతి తరచూ మరుగున పడుతుంది: అప్పటికి మెమరీలో లాభం లేదు, నష్టాలే. నష్టపోతున్న వ్యాపారాన్ని వదలడానికి గుండె కావాలి, నిజమే. లాభాలు కుమ్మరిస్తున్నదాన్ని వదలడానికి మాత్రం అంతకు పదింతలు కావాలి.

ఆ రెండో పరీక్ష ఫోన్ల రూపంలో వచ్చింది. మొదటి ఐఫోన్‌కి ప్రాసెసర్ చేస్తారా అని యాపిల్ అడిగితే, ఇంటెల్ లెక్కలు వేసుకుని వద్దంది. యాపిల్ ఇస్తానన్న ధర తమ ఖర్చుకే చాలదనుకున్నారు. ఆ నిర్ణయం తీసుకున్న అప్పటి ఇంటెల్ సీఈఓ పాల్ ఒటెల్లినీ తర్వాత స్వయంగా చెప్పారు, అమ్మకాలు తాము ఊహించినదానికి ఎన్నో రెట్లు వచ్చాయని. 2006లో ఇంటెల్ తన దగ్గరున్న, ఫోన్లలో వాడే ఆర్మ్ రకం చిప్పుల వ్యాపారాన్ని కూడా 60 కోట్ల డాలర్లకు మార్వెల్‌కి అమ్మేసింది. సర్వర్ చిప్పు ఒక్కోటి వేల డాలర్లకు అమ్ముకుంటున్నవాళ్లకు, ఫోన్ చిప్పు పల్లీల వ్యాపారంలా కనిపించింది.

పోయింది ఫోన్ల లాభం ఒక్కటే అయితే ఇంటెల్ తట్టుకునేది. చిప్పుల తయారీలో చెయ్యి తిరగాలంటే లెక్కలేనన్ని చిప్పులు చేయాలి. ఎన్ని ఎక్కువ చేస్తే తప్పులు అంత తగ్గుతాయి, తర్వాతి తరం ఫ్యాక్టరీకి డబ్బు కూడా అక్కడి నుంచే వస్తుంది. ఫోన్ చిప్పుల వరద తైవాన్‌లో టీఎస్ఎంసీకి వెళ్లింది. 1987లో పుట్టిన ఆ కంపెనీ సొంత చిప్పులు అమ్మదు, అడిగినవాళ్లందరికీ చేసిపెడుతుంది. ఇంటెల్ 10 నానోమీటర్ల తయారీ దశ దగ్గర ఏళ్ల తరబడి ఇరుక్కుపోతే, 2018కల్లా టీఎస్ఎంసీ దాటిపోయింది. 2020లో యాపిల్ తన మ్యాక్ కంప్యూటర్లలో ఇంటెల్ చిప్పులు తీసేసి సొంతవి పెట్టుకోవడం మొదలుపెట్టింది, అవి తయారైంది టీఎస్ఎంసీలోనే. అంటే 2006 ప్రాంతంలో వదిలేసిన చిల్లర వ్యాపారం పదిహేనేళ్లకు వెనక్కి తిరిగి వచ్చి అసలు వ్యాపారాన్ని కాటేసింది. 2024లో ఇంటెల్ నష్టం దాదాపు 1,880 కోట్ల డాలర్లు. ఆ నవంబరులో అమెరికా షేర్ మార్కెట్ డౌ జోన్స్ సూచీ నుంచి ఇంటెల్‌ని తీసి, ఆ కుర్చీలో ఎన్‌విడియాని కూర్చోబెట్టారు.

ఎన్‌విడియా 1993లో వీడియో గేముల బొమ్మల కోసం పుట్టిన కంపెనీ. ఆ చిప్పులతో మామూలు లెక్కలు కూడా చేయించే ‘కూడా’ (CUDA) అనే సాఫ్ట్‌వేర్‌ని 2006లో ప్రకటించినప్పుడు దానికి కొనేవాళ్లు పెద్దగా లేరు. (తెలుగులో ఆ పేరు రాస్తే వాక్యమే తికమక పడుతోంది, ఏం చేస్తాం.) 2012లో టొరంటో పరిశోధకులు రెండు గేమింగ్ కార్డులతో బొమ్మలు గుర్తుపట్టే పోటీలో అందర్నీ వెనక్కి నెట్టాక గానీ దాని విలువ బయటపడలేదు.

మరి తప్పించుకున్నవాళ్లు లేరా? మైక్రోసాఫ్ట్ ఉంది. ఐఫోన్ వచ్చిన కొత్తలో 500 డాలర్ల ఫోనా అని దాని అప్పటి సీఈఓ స్టీవ్ బామర్ నవ్విన వీడియో ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. ఫోన్ల తయారీదారుల దగ్గర తన ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కో కాపీకి ఇంత అని వసూలు చేయడం ఆ కంపెనీకి అలవాటు. గూగుల్ ఆండ్రాయిడ్‌ని ఉచితంగా ఇచ్చేసరికి ఆ బేరం సాగలేదు. నోకియా ఫోన్ల మీద పెట్టిన డబ్బులో 760 కోట్ల డాలర్లు 2015లో పోయినట్టే రాసుకోవాల్సి వచ్చింది. 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయిన సత్య నాదెళ్ల కంపెనీని ఒడ్డున పడేశారని తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. గర్వపడాల్సిందే, కాకపోతే కథలో ఇంకో సగం ఉంది. ఆయన వచ్చిన మర్నెలలో ఐప్యాడ్ మీదకు ఆఫీస్ సాఫ్ట్‌వేర్ విడుదలైంది. అది ఆయన రాకముందే తయారైంది. అజూర్ క్లౌడ్ కూడా 2010లోనే మొదలైంది. ఆయన చేసిన పెద్ద పని, విండోస్‌ని కాపాడటమే ధర్మం అనే ఆచారాన్ని ఆపేయడం. ఫోన్లలో అప్పటికే ఓడిపోయారు కాబట్టి ఆ మాట అనడం కొంత తేలికైంది. కాపాడుకోవడానికి ఏమీ మిగలనిచోట తెగువ త్వరగా వస్తుంది.

పతనం నెమ్మదిగా కనిపించడానికి ఇంకో కారణం వాడేవాళ్ల అలవాటు. శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ షాపుల్లో తెలుగు టైపింగ్ చాలాకాలం పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే సాగింది. పేజ్‌మేకర్ 7.0 తర్వాత అడోబీ మరో పెద్ద వెర్షన్ తేలేదు, అది వచ్చింది 2001లో. కంప్యూటర్లన్నిటికీ ఒకే అక్షర సంకేతాలిచ్చే యూనికోడ్ పద్ధతి ఉంది. తెలుగుకు యూనికోడ్‌లో చోటు 1991లోనే దొరికింది. అయినా పాత ఫైళ్లు, వేళ్లకు అలవాటైన కీబోర్డు, మిషన్‌కి సరిపడే ఫాంటు కలిసి షాపువాణ్ని కదలనివ్వవు. బ్యాంకుల్లో మెయిన్‌ఫ్రేములు మిగిలింది కూడా ఇలాగే. డెక్ పేరు పోయాక కూడా దాని వీఎంఎస్ సాఫ్ట్‌వేర్ ఏళ్ల తరబడి రైలు టికెట్లు ఇచ్చింది. విశాఖ రేవు కట్టేటప్పుడు, ఇసుక మేట కాలువను పూడ్చకుండా రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచారు. వాటి మీద కెరటాలు విరుగుతుంటే పక్క నుంచి కొత్త ఓడలు లోపలికొచ్చాయి. ఐబీఎం ఇవాళ చేస్తున్న పని దాదాపు అదే: ఉపయోగం ఉంది, ఆదాయం ఉంది, ఎటు పోవాలో చెప్పే మాట మాత్రం తనది కాదు.

ఇప్పుడు విశాఖ సంగతి. 2025 అక్టోబరు 14న గూగుల్ ఇక్కడ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతానని ప్రకటించింది. గిగావాట్ స్థాయి డేటా సెంటర్, సముద్రం అడుగు నుంచి వచ్చే కేబుళ్లు అందులో భాగం. ఒకప్పుడు ఐబీఎం కూర్చున్న పీట మీద నేడు ఆ గూగులే ఉంది. చాట్‌బాట్‌లన్నిటికీ మూలమైన ట్రాన్స్‌ఫార్మర్ పద్ధతి 2017లో గూగుల్ పరిశోధకులు రాసిందే. సామాన్యుల చేతికి దాన్ని అందించింది మాత్రం 2022 నవంబరులో ఓపెన్‌ఏఐ. వెతుకులాట పేజీలో పది లింకులు, వాటి మధ్య ప్రకటనలు ఉంటే డబ్బు వస్తుంది. ఒక్క జవాబే ఇచ్చేస్తే ప్రకటన ఎక్కడ పెట్టాలి? గూగుల్ ఆలస్యానికి ఈ లెక్క కూడా కారణమై ఉంటుందనుకోవడం అన్యాయం కాదు. అయితే ఇంటెల్‌కి లేని ఒక అండ దానికుంది. 2015 నుంచే తన డేటా సెంటర్లలో సొంత ఏఐ చిప్పులు వాడుతోంది, ఎన్‌విడియా చెప్పిన ధరకే కొనాల్సిన పని లేదు.

నగరానికి ఇంతకన్నా దగ్గరి ప్రశ్న రుషికొండ మీద ఉంది. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం టీసీఎస్‌కి అక్కడ 21.16 ఎకరాలు 99 పైసలకు కేటాయించింది, 12 వేల ఉద్యోగాలు వస్తాయన్న లెక్క మీద. మూడు నెలలకే ఆ కంపెనీ ప్రపంచవ్యాప్తంగా తన సిబ్బందిలో 2 శాతం, దాదాపు 12 వేలమందిని తగ్గిస్తానంది. రెండు అంకెలూ ఒకటే కావడం కాకతాళీయం. ఏఐ వల్ల కాదు, నైపుణ్యాలు సరిపోకపోవడం వల్ల అని కంపెనీ చెప్పింది. కారణం ఏదైనా, మన ఐటీ సేవల వ్యాపారం ముప్ఫై ఏళ్లుగా నడిచింది మనుషుల లెక్క మీద: ఎంతమంది, ఎన్ని గంటలు, గంటకెంత. తక్కువమందితో పని తొందరగా అయితే బిల్లు తగ్గుతుంది. ఐబీఎం సేల్స్‌మ్యాన్ ముందు పీసీ ఎలా నిలబడిందో, ఈ కంపెనీల ముందు ఏఐ అలా నిలబడి ఉంది.

పరీక్ష పెద్ద ప్రకటనల్లో రాదు. పాత కాంట్రాక్టు రెన్యువల్‌కి వచ్చిన రోజున వస్తుంది. అరవైమంది చేస్తున్న పనిని నలభైమందితో చేయగలమని అకౌంట్ మేనేజర్‌కి తెలుసు. అతని టార్గెట్ మాత్రం అరవైమంది బిల్లు మీదే కట్టి ఉంటుంది. ఎదురుగా ఉన్న క్లయింటుకి ఆ సంగతి ముందు తనే చెప్పాలా, ఇంకో ఏడాది గడవనివ్వాలా అని అతను ఆలోచిస్తుంటే, ఊరూ పేరూ లేని ఒక కొత్త కంపెనీ పాతికమందితో చేస్తానని కొటేషన్ పంపించి ఉంటుంది.